"అండి" ఎక్కడ, ఎంత?

బెంగళూరు మారతహళ్ళి పీజీల్లో గోదావరి జిల్లాలవాళ్ళూ, అనంతపురం, చిత్తూరు వాళ్ళూ ఒకే బల్ల దగ్గర తింటారు. చిక్కంతా "అండి" దగ్గరే. గోదావరి మనిషికి "అవునండి, తిన్నానండి" అనడం ఊపిరి తీసుకున్నంత మామూలు. సీమ మనిషి మర్యాద "అన్నా", "అక్కా", "సార్"లో ఉంటుంది. వరసపెట్టి వచ్చే "అండి" అతనికి దూరం పెట్టినట్టు వినిపిస్తుంది. అతని "ఏమప్పా, తింటివా?" అవతలివాళ్ళకు మొరటుగా తోస్తుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు, ఇది గట్టిగా చెప్పాలి.

కొత్తవాళ్ళతో "మీరు"తో మొదలుపెట్టండి. "వస్తారా?" అంటే చాలు, క్రియలోనే గౌరవం ఉంది. "అండి" పలకరింపులో ఒకటి, సెలవు తీసుకునేటప్పుడు ఒకటి. మీ ఈడువాళ్ళు "నువ్వు"లోకి దిగితే మీరూ దిగండి, లేకపోతే ముభావం అనుకుంటారు. పెద్దవాళ్ళు దిగినా మీరు మాత్రం "మీరు" వదలొద్దు.

ఎక్కువ దెబ్బకొట్టేది పుస్తకాల మాట. గిడుగు రామమూర్తి రాతలోకే వాడుక భాష రావాలని పోరాడారు. నోటిమాటలో గ్రాంథికం ఎందుకు? "భోంచేశారా?" ఆప్యాయంగా ఉంటుంది, "భుజించితిరా?" అంటే వెక్కిరింపే అనుకుంటారు. ప్రాణస్నేహితుణ్ణి ఉన్నట్టుండి "మీరు" అన్నా అంతే, కోపం వచ్చిందనే అర్థం.