నాలుగో తరగతితో 24 గళ్ల ముగ్గు: నా అనుభవం

చుక్కలు తప్పితే ముగ్గు కుదరదు. పిల్లలందరూ కలిసి ఒకే పెద్ద బొమ్మ వేయడమూ అంతే. రంగుల సంగతి తర్వాత, ముందు కొలత. విశాఖలో మా తరగతికి కుదిరిన పద్ధతి ఇది.

పిల్లలు 24 మంది, తలా ఒక గడి. 22×30 అంగుళాల డ్రాయింగ్ షీటులో 20 సెంటీమీటర్ల గళ్లు ఆరొస్తాయి. నాలుగు షీట్లు చాలు, పాడైనవాటికి ఇంకోటి. కోత మాత్రం పెద్దవాళ్ల పని. ప్రతి అంచుకీ మూల నుంచి 5, 15 సెంటీమీటర్ల దగ్గర చుక్కలు పెట్టాలి. అప్పుడే గడిని ఎటు తిప్పినా పక్కదానితో కలుస్తుంది. ఎనిమిది చుక్కల్నీ జతలుగా నాలుగు మెలికలతో కలపాలి. జతలు కట్టడానికి 105 దారులున్నాయి, కాబట్టి "నాది చూసి వేశాడు టీచర్" గొడవ తక్కువే.

దెబ్బతినేది స్కేలు దగ్గరే. సున్నా నుంచి కాకుండా స్కేలు కొస నుంచి కొలుస్తారు, చుక్క అర సెంటీమీటరు జరిగిపోతుంది. అందుకే స్కేలు మానేసి, గంట్లు పెట్టిన అట్టముక్క ఇస్తున్నాను. గంటు వెడల్పు ఒక సెంటీమీటరు, గీత లావూ అంతే.

మెలికల మధ్య ఖాళీలో ఒక గుర్తు: అల, తెప్ప, చేప, డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్, కుర్సురా సబ్‌మెరైన్. ఐదు గీతల్లో అయిపోవాలి, ఆరడుగుల దూరానికి తెలియాలి. సబ్‌మెరైన్ అనగానే జెండా, లోపల మనుషులు, అన్నీ వేసేస్తారు. నిడుపాటి పొట్ట, మీద చిన్న టవరు చాలు. ముందు గాల్లో వేలితో వేయిస్తాను, వేలు ఆగినప్పుడల్లా ఒక గీత లెక్క.

రంగులు మూడే: నీలం, పసుపు, నలుపు. పోస్టర్ కలర్‌లో నీళ్లెక్కువైతే షీటు వంకర పోతుంది. మన సముద్రపు చెమ్మకి అది ఓ పట్టాన ఆరదు కూడా. రాత్రంతా విడివిడిగా పరచాలి. ఒకదానిమీద ఒకటి పెడితే అంటుకుపోతాయి.

గళ్లని వరసకి ఆరు చొప్పున అతికించడానికి 4×3 అడుగుల సన్‌బోర్డు (తేలికైన ఫోమ్ అట్ట), డబుల్ సైడ్ టేపు. ఫెవికాల్ రాస్తే ముడతలే. మూల నుంచి మొదలెట్టొద్దు. గడికి ఒక మిల్లీమీటరు తేడా ఉన్నా ఆరో గడికి ఆరవుతుంది. మధ్య నుంచి వెళ్తే అటు మూడు, ఇటు మూడుగా సర్దుకుంటుంది. నడిమి గళ్లు ఎవరివన్నది చీటీలేసి తేల్చాలి, లేకపోతే ఏడుపులు. ఆ రోజు రానివాళ్ల గడిని ఖాళీగా గుండుసూదితో గుచ్చి ఉంచితే సరి. చుక్కలు ఎలాగూ ఒకటే కాబట్టి, వాళ్లు ఎప్పుడొచ్చి వేసినా కలిసిపోతుంది.