వార్డులో హోమియో సీసాలు: నా అనుభవం

తుంటి ఎముక విరిగిన మా మావగారిని ఆపరేషన్ చేయించి నిన్న పర్లాకిమిడి ఇంటికి తీసుకొచ్చాం. ఓపీ చీటీ, ఎక్స్‌రే, రక్త పరీక్షలు, బెడ్డు అన్నీ ఇట్టే అయిపోయాయి. చుక్కలు చూపించింది, ఆపరేషన్‌కి పనికొస్తారని మత్తు డాక్టరు ఇచ్చే ఫిట్‌నెస్సే.

"ఏం మందులు వాడుతున్నారు?" అని అడిగితే సంచీలోని రెండు హోమియో సీసాలు బయటపెట్టాం. ఒకదాంట్లో తెల్ల గుళికలు, రెండోదాంట్లో డికాక్షన్ రంగు చుక్కల మందు. పేర్లు లేవు. మూతల మీద 1, 2 అని అంకెలు, "బీపీకి 15 చుక్కలు, రెండు పూటలా" అని ఓ కాగితం ముక్క. పక్కనున్న జూనియర్ డాక్టరు గుళికల సీసాని చెత్తబుట్టలో పడేసి, "చదువుకున్నవాళ్లేనా మీరు?" అని వార్డంతా వినేలా అన్నాడు. మావగారు గోడవైపు తిరిగి పడుకున్నారు. నొప్పితో ఉన్న ముసలాయన్ని అలా అనే హక్కు ఏ డిగ్రీ ఇస్తుంది?

పైగా ఆ జూనియర్ పారేసింది ప్రమాదం లేని సీసాని! 30, 200 అని ఉండే పొటెన్సీల్లో మందు ఒక వంతు, ద్రావకం 99 వంతులు చొప్పున అన్నిసార్లు పలచన చేస్తారు. 12 దాటాక అసలు పదార్థం అణువు కూడా మిగలడం కష్టం. గుళికల్లో ఉండేది పంచదారే. క్యూ అని రాసే మదర్ టింక్చర్ అలా కాదు, అది ఆల్కహాల్లో తీసిన మొక్క సారం. మెట్రోనిడజోల్ అనే యాంటీబయోటిక్ ఎక్కిస్తున్నప్పుడు ఆ ఆల్కహాలూ వద్దంటారు.

సీసాలిచ్చిన హోమియో డాక్టరుకి ఫోన్ చేస్తే "మందు పేరు చెప్పం" అన్నాడు. రోగికి చెప్పని మందు రోగి ఎందుకు మింగాలి? చివరికి ఆసుపత్రిలోనే ఆయుష్ గదిలో ఉన్న హోమియో డాక్టరమ్మ మాట్లాడితే చుక్కల మందు పేరు బయటపడింది: రావుల్ఫియా సర్పెంటినా క్యూ, అంటే మన సర్పగంధ. అందులో రిసర్పిన్ ఉంటుంది, అది నిజంగానే బీపీని దించుతుంది. దాని మీద మత్తు ఇస్తే బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. మత్తు డాక్టరు ఆపరేషన్ వాయిదా వేసి, బీపీ చార్టు చూశాకే ఒప్పుకున్నారు.

హోమియో వాడేవాళ్లు మానక్కర్లేదు గానీ మందు పేరు, పొటెన్సీ, రోజుకెన్ని చుక్కలు, ఆఖరిసారి ఎప్పుడు వేసుకున్నారు అన్నవి కాగితం మీద రాయించుకోండి. రాయనంటే ఆ గుమ్మం మళ్లీ తొక్కకండి. ఆ కాగితాన్ని వార్డు సిస్టర్‌కి చూపించి కేస్ షీట్లో ఎక్కించండి, నోటిమాట షిఫ్టు మారగానే పోతుంది. ఆపరేషన్ ముందు "ఏమీ తినొద్దు" అన్నాక నాలుక కింద గుళికలైనా అడక్కుండా వేయకండి. షుగరు మందు, ఇన్సులిన్ ఆపి హోమియోకి మారమనేవాళ్ల మాట అసలు వినొద్దు.

మావగారికి చుక్కలు ఆపేసి, డిశ్చార్జి చీటీలో రాసిన బీపీ మాత్ర వేస్తున్నాం. ఉదయం, సాయంత్రం బీపీ చూసి, ఆ చీటీ వెనకే రాస్తున్నాం.