స్టెల్వియో, జొంకోలాన్, మా మొగిలి ఘాట్

ఆదివారం తెల్లవారుజామునే చిత్తూరు నుంచి మొగిలి ఘాట్ మీదుగా పలమనేరుకు సైకిల్ తొక్కడం నాకు అలవాటు. పోయిన నెల, నాతో వచ్చే కుర్రాడు “టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు కొండల ముందర మన మొగిలి ఘాట్ ఏపాటిదన్నా?” అని అడిగాడు. జవాబు తోచలేదు. ఇంటికొచ్చి నోటుబుక్కు తీశాను.

ముందు సగటు వాలు, అంటే ఎక్కే ఎత్తు దూరంలో ఎంత శాతమో చూశాను. చిత్తూరు, పలమనేరు మధ్య దాదాపు 40 కిలోమీటర్లు, ఎత్తులో తేడా సుమారు 350 మీటర్లు. ఒక్క శాతం కూడా రాలేదు! మరి లారీల పొగ మింగుతూ నేను రొప్పేది దేనికి? చదును దారంతా కలిపేస్తే ఘాట్ కష్టం అందులో కరిగిపోతుంది. టూర్ డి ఫ్రాన్స్‌లో పేరుమోసిన ఆల్ప్ ద్యూజ్ కొండ అయితే 13 కిలోమీటర్లలోనే వెయ్యి మీటర్లు దాటుతుంది, 21 మలుపులతో.

తర్వాత కొండ ఎక్కడం ఎంత కష్టమో పాయింట్లలో చెప్పే, ‘ఫీట్స్’ అనే డచ్చి సైకిల్ పత్రిక సూత్రం పట్టుకున్నాను. ఎక్కే ఎత్తును వర్గం చేసి, దూరానికి పదిరెట్లతో భాగించాలి, రెండూ మీటర్లలోనే. సముద్రమట్టం నుంచి కొండకొన 1,000 మీటర్లు దాటితే, దాటిన ప్రతి వెయ్యికీ ఒక పాయింటు లెక్కన కలపాలి. ఆల్ప్ ద్యూజ్‌కు తొమ్మిదిన్నర దాకా వచ్చింది. ఇటలీలోని స్టెల్వియో కనుమ 24 కిలోమీటర్లు, 48 హెయిర్‌పిన్ మలుపులు: 15 పాయింట్లు. అక్కడిదే జొంకోలాన్ కొండ, ఓవారో ఊరి వైపు నుంచి 10 కిలోమీటర్లే: అదీ 15!

రెండూ సమానమంటే మనసొప్పలేదు. స్టెల్వియో సగటు 7.4 శాతం, జొంకోలాన్ దాదాపు 12. నా సైకిల్‌ గేర్లలో అన్నిటికన్నా తేలికదానికి ముందు పళ్లచక్రంలో 34 పళ్లు, వెనకదాంట్లో 28. నిమిషానికి 60 సార్లు తొక్కితే గంటకు 9 కిలోమీటర్లు. నేను 75 కేజీలు, సైకిల్ 10. ఆ వేగంతో జొంకోలాన్‌లో బరువు పైకి లాగడానికే 250 వాట్లు కావాలి, స్టెల్వియోలో 160 లోపే. గంటసేపు 200 వాట్లు తొక్కితే నా పని అయిపోతుంది. స్టెల్వియో ఆగి ఆగి, టీలు తాగుతూనైనా ఎక్కేస్తానేమో. జొంకోలాన్‌లో మాత్రం దిగి తోసుకుంటూ పోవాల్సిందే. ఆ తేడా సూత్రంలో ఎక్కడా లేదు.

తొక్కడం తేలికవుతుందని, వెనక 34 పళ్ల దాకా ఉండే క్యాసెట్ (పళ్లచక్రాల కట్ట) వేయమని షాపుకు పోయాను. మెకానిక్ నన్ను పైనుంచి కిందికి చూసి అడిగాడు: “అంత కొండ మనకు యాడుంది సార్?”