తొలిచూలు పిల్ల తాగే పాలు

ప్రొద్దుటూరులో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను. పాఠంలో డీడీటీ అనే పురుగుమందు లెక్క ఒకటుంది. నీళ్లలో 0.003 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో ఇన్ని) ఉన్న మందు, నీళ్లలో తేలే సన్నటి జీవులైన జంతు ప్లవకాల్లో 0.04 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఇన్ని), చిన్న చేపల్లో 0.5, పెద్ద చేపల్లో 2, వాటిని తినే పక్షుల్లో 25 పీపీఎం అవుతుంది. లెక్క అక్కడితో ఆగిపోతుంది. నేను మాత్రం డాల్ఫిన్ దాకా తీసుకెళ్తాను. అది పాలిచ్చే జీవి కాబట్టి.

డీడీటీ, ఒకప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ నూనెల్లో వాడిన పీసీబీలు, ఇవన్నీ కొవ్వులో కరిగే రకం. డాల్ఫిన్ చర్మం కింద మందమైన కొవ్వు పొర ఉంటుంది. తిన్న చేపల్లోంచి వచ్చిందంతా అందులో చేరుతుంది. దాన్ని విరగ్గొట్టి బయటికి పంపే శక్తి ఆ జీవికి చాలా తక్కువ. మగదానిలో వయసుతోపాటు పేరుకుంటూనే పోతుంది. ఆడదానిలో మాత్రం ఈనిన తర్వాత తగ్గుతుంది. పాలల్లోకి పోతుంది మరి. ఏళ్లతరబడి తల్లి ఒంట్లో చేరినదాంట్లో పెద్ద వాటా తొలిచూలు పిల్ల తాగేస్తుంది. తర్వాతి పిల్లలకు అంతకంటే తక్కువ అందుతుంది. ఇది చెప్పేటప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

2016 జనవరిలో స్కాట్లాండ్‌లోని టైరీ దీవి ఒడ్డుకు లులు అనే ఆడ ఓర్కా చచ్చి కొట్టుకొచ్చింది. ఓర్కాదీ డాల్ఫిన్ కుటుంబమే. చేపల వేట తాళ్లు చుట్టుకుని చనిపోయింది. కానీ దాని కొవ్వులో కిలోకు 957 మిల్లీగ్రాముల పీసీబీలు తేలాయి. ఒంటికి చేటు మొదలవుతుందని శాస్త్రవేత్తలు చెప్పే హద్దు 9. కనీసం 20 ఏళ్లున్న ఆ జీవి ఒక్కసారి కూడా ఈనలేదు. బ్రిటన్ 1981లోనే పీసీబీలను నిషేధించింది, అయినా ఇంత!

నా పాత స్టూడెంట్ ఒకమ్మాయి కాన్పయ్యాక ఫోన్ చేసింది. "మేడమ్, మరి నా పాలు?" అంది. "భయపడొద్దమ్మా, ఇవ్వు" అన్నాను. ఆరు నెలలు తల్లిపాలే పట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, ఆ మేలు చాలా పెద్దది. జాగ్రత్త పడాల్సింది బాలింత కాదు, మందు తయారుచేసేవాళ్లు, అమ్మేవాళ్లు, అనుమతులిచ్చేవాళ్లు.

మా వైపు శెనక్కాయ మూటల మీద గమాక్సిన్ (బీహెచ్‌సీ పురుగుమందు) పొడి చల్లిన కాలం ఉంది. సేద్యంలో డీడీటీని 1989లో ఆపారు, బీహెచ్‌సీని 1997లో, ఎండోసల్ఫాన్ అనే మరో పురుగుమందును 2011లో సుప్రీంకోర్టు ఆపింది. మన కుందూ పెన్నలో కలుస్తుంది, పెన్న నెల్లూరు దాటి సముద్రంలో. అందుకే అడుగుతున్నా, మీ కొట్టాల్లో పాత పొడి డబ్బాలుంటే వంకలో పారేయకండి, పాడుబావిలో వేయకండి. మూత తీయకుండా పిల్లలకు అందనిచోట పెట్టి వ్యవసాయాధికారిని అడగండి. కాల్చడం అసలు వద్దు. ఈ క్లోరిన్ మందుల్ని మామూలు మంటలో వేస్తే డయాక్సిన్లనే విషాలు పుట్టొచ్చు, అవీ కొవ్వులో చేరేవే.