జబల్‌పూర్‌లో ఏమీ చూడని రోజు

సంక్రాంతి అయ్యాక కావలి నుంచి కాశీకి కారులో బయల్దేరాం. నేను, మా ఆవిడ, అమ్మ. హైదరాబాద్, నాగ్‌పూర్, జబల్‌పూర్, రీవా మీదుగా పోను సుమారు 1,700 కిలోమీటర్లు. డ్రైవింగ్ అంతా నాదే. పోయేటప్పుడు హుషారుగానే ఉంది. నాగ్‌పూర్ దాటాక పెంచ్ అడవిలో 44వ నంబర్ హైవేని స్తంభాల మీదకి లేపి, కింద జంతువులకి దారి వదిలారు. "పులి కింద, మనం పైన" అని అమ్మ ఒకటే నవ్వు.

తిరుగు ప్రయాణంలో తేడా కొట్టింది. కట్నీ దగ్గర మా ఆవిడ ఫోన్‌లో మ్యాప్ చూసి "ఎడమకి" అని కాస్త ఆలస్యంగా చెప్పింది. గట్టిగా అరిచేశాను. ఓ ఐదారు కిలోమీటర్లు చుట్టు తిరిగాం, అంతే. ఆ తర్వాత గంటసేపు కారులో ఎవరూ మాట్లాడలేదు.

ఒళ్ళు నొప్పులైతే రాత్రి పడుకుంటే పోతాయి. ఇది పోలేదు. రోజూ బ్యాగులు సర్దడం, ఆలూ పరాఠా, మళ్ళీ స్టీరింగ్. మర్నాడు జబల్‌పూర్ దగ్గర చూడాల్సిన భేడాఘాట్ పాలరాతి కొండల ఫొటో చూసినా, "అక్కడ పార్కింగ్ ఎట్లుంటుందో" అనే దిగులే.

పొద్దున్నే చెప్పేశాను, ఇవాళ ఎక్కడికీ పోవద్దని.

"ఇంత దూరం వచ్చి చూడకుండానా?" అంది మా ఆవిడ.

అమ్మే తేల్చేసింది: "రాళ్ళే గదా నాయనా. మన ఉదయగిరి కొండ ఎక్కావా ఏనాడన్నా?"

ఎక్కలేదు.

బట్టలు ఉతికి బాల్కనీలో ఆరేశాం. రైస్ కుక్కర్‌లో అన్నం, ఇంటి నుంచి తెచ్చిన కారప్పొడి, నెయ్యి. ఘాటుకి హోటల్ కుర్రాడు వచ్చి తొంగి చూసి పోయాడు. నేను రెండు గంటలు పడుకుని లేచాను. మా ఆవిడ మాత్రం పదకొండుకి పడుకుని సాయంత్రం నాలుగైనా లేవలేదు. నడిపేది నేనైతే ఈమెకేం అలసట అనుకున్నాను. టీ తాగుతూ అడిగితే చెప్పింది: "నేను నిద్రపోతే మీరూ కునుకు తీస్తారని భయం. దారంతా రెప్ప వెయ్యలేదండీ."

నిజమే. మధ్యాహ్నం భోజనం అయ్యాక నాకు కళ్ళు మూతలు పడే వేళకే శనక్కాయలు ఒలిచి చేతిలో పెట్టేది. నేనేమో టైంపాస్‌కి అనుకుని తింటూ పోయాను.

అక్కడి నుంచి పద్ధతి మార్చాం. రెండు నుంచి నాలుగు దాకా బండి ఆపడం, ఏదో ఒక ధాబా మంచం మీద నడుం వాల్చడం. రోజుకి సుమారు 500 కిలోమీటర్లకి మించకూడదు. చీకటి పడితే నడపకూడదు. దారి చెప్పే పని ఫోన్ స్పీకర్‌దే, తప్పు చెబితే దాన్నే తిట్టుకోవచ్చు. నాగ్‌పూర్‌లో, హైదరాబాద్‌లో రాత్రి ఆగాం. ఇల్లు చేరడం ఒకరోజు ఆలస్యమైంది.

సింగరాయకొండ దాటేసరికి మా ఆవిడ కిటికీకి తల ఆనించి సన్నగా గురక పెడుతోంది. శనక్కాయల పొట్లం నా ఒళ్ళో ఉంది.