డ్యూటీ అప్పగింత: బరంపురం వృద్ధాశ్రమంలో నా అనుభవం

బరంపురం ఊరి చివరనున్న ఒక వృద్ధాశ్రమంలో నర్సుల ఇన్‌చార్జిగా పనిచేస్తున్నాను. మాది ఇచ్ఛాపురం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడేవరకు బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది కనుక, ఇక్కడి పాత కుటుంబాలలో ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా ఇప్పటికీ నడుస్తాయి. మా సిబ్బంది మాత్రం అలా రెండు భాషల మధ్య పెరిగినవారు కారు. ఒడియా నర్సులు ఇద్దరు, కేరళ నుంచి వచ్చిన నర్సు ఒకరు, తెలుగు ఆయాలు నలుగురు, గజపతి జిల్లా కొండల నుంచి వచ్చిన సవర అమ్మాయిలు ఇద్దరు. అందరికీ కొద్దో గొప్పో హిందీ వచ్చు కనుక పని సాఫీగానే జరుగుతున్నదని చాలాకాలం అనుకున్నాను.

మా దగ్గర ఒక పంతులమ్మగారు ఉన్నారు. ఉద్యోగమంతా ఒడియా బడిలోనే చేసినా, మతిమరుపు జబ్బు ముదిరేసరికి తర్వాత నేర్చిన ఆ భాష ముందుగా జారిపోయి, చిన్ననాటి తెలుగు ఒక్కటే మిగిలింది. ఒక రాత్రి ఆమె "గుండెల్లో పొడుస్తందమ్మా" అన్నారు. డ్యూటీలో ఉన్న ఒడియా నర్సు చెవికి అది "పోడుఛి" అని వినిపించింది. ఒడియాలో ఆ మాటకు మండుతోందని అర్థం. రాత్రి తిన్నది పడలేదనుకుని ఎసిడిటీ మందు పట్టి, పుస్తకంలో ఛాతీ మంట అని రాసి పడుకోబెట్టింది. పొద్దున నేను వచ్చి అడిగితే పంతులమ్మగారు పిడికిలి బిగించి రొమ్ముకు ఆనించి చూపారు. వెంటనే ఈసీజీకి పంపించాము. గుండెపోటు కాదని తేలేవరకు నా కాళ్లలో వణుకు ఆగలేదు. తప్పు ఎవరిదని యాజమాన్యం అడిగింది. ఆ నర్సు తన భాషలో తాను సరిగ్గానే విన్నదని చెప్పాను. ఆ జవాబు వారికి నచ్చలేదు.

డ్యూటీ మారేటప్పుడు దిగేవారు ఎక్కేవారికి రోగుల సంగతులు చెప్పే అప్పగింత పద్ధతిని మార్చాలనుకుని, మొదట నాకు తెలిసిన ఎస్‌బార్‌ను తెచ్చాను. పరిస్థితి, పూర్వాపరాలు, అంచనా, చేయవలసినది అనే నాలుగు గళ్లలో విషయాన్ని చెప్పే ఈ పద్ధతి అమెరికా నౌకాదళపు జలాంతర్గాముల నుంచి ఆసుపత్రులకు వచ్చింది. ఇంగ్లీషు ఫారాలు అచ్చు వేయించి పంచాను. రెండు వారాల తర్వాత చూస్తే ఫారాలన్నీ ఒకే చేతిరాతలో ఉన్నాయి. ఇంగ్లీషు రాని వారి మీద జాలిపడి, కేరళ నర్సు అందరి ఫారాలూ తానే నింపుతున్నది.

ఫారాలు పక్కన పెట్టి, అప్పగింతను ఆఫీసు గది నుంచి మంచాల దగ్గరకు మార్చాను. రాత్రి ఎనిమిదింటికి దిగేవారు చెప్పాలి, ఎక్కేవారు విన్నదాన్ని తమకు వచ్చిన భాషలో తిరిగి చెప్పాలి. నొప్పి అంటే మాటతో వదలకుండా చెయ్యి ఎక్కడ పెట్టారో, ఎలా పెట్టారో చూపించాలి. అన్నిటికంటే కష్టమైనది తలాడించడాన్ని మానిపించడం. మన తెలుగువాళ్లం "ఆఁ" అంటే ఔననీ కావచ్చు, ఏమన్నారనీ కావచ్చు. తేడా అంతా గొంతులోనే ఉంటుంది. ఒడియావారి "హఁ"కు ఔననే అర్థం. మా ఆయా వినపడక "ఆఁ?" అంటే ఒడియా నర్సు సరేనన్నదనుకుని వెళ్లిపోయేది. ఇలా పోయిన పనులెన్నో ఇప్పుడు లెక్కపెట్టలేను.

తిరిగి చెప్పమనడం తమను చిన్నపిల్లలుగా చూడటమేనని సీనియర్లు మొదట అలిగారు. వారి అలక ఒక సాయంత్రంతో తీరింది. ఒక తాతగారి ఇన్సులిన్ మోతాదును ఒడియా నర్సు ఒడియా అంకెలో రాసింది. ఆ లిపిలో నాలుగు పైన తెరుచుకున్న ఎనిమిదిలా ఉంటుంది. కేరళ నర్సు సిరంజి చేతిలో పట్టుకుని "ఆఠ్ యూనిట్" అని తిరిగి చెప్పగానే, గుమ్మం దాటబోతున్న ఒడియా నర్సు "చారి, చారి!" అంటూ వెనక్కి పరుగెత్తింది. అప్పటినుంచి మోతాదును 1, 2, 3 అంకెలలోనే రాసి, పక్కన అక్షరాలలోనూ రాస్తున్నాము.

సవర అమ్మాయిల సంగతిలో తప్పు నాదే. వారి మాట అటు తెలుగుకూ ఇటు ఒడియాకూ చుట్టం కాదు, ముండా కుటుంబానిది. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉండి ఆ భాష నేర్చుకుని నిఘంటువు కూర్చారని బడిలో చదువుకున్న నాకు, అందులో ఒక్క మాటా రాదు. వారిలో చిన్నదాని హిందీకి అందరం నవ్వేవాళ్లం, నేనూ నవ్వాను. ఒక అవ్వ పాదాలు వాచాయని మూడు రోజుల ముందే చూసి కూడా ఆ పిల్ల చెప్పలేదని తెలిసినప్పుడు, ఎందుకని అడగడానికి నాకు మొహం చెల్లలేదు. మరుసటి రోజు నుంచి ప్రతి మంచం దగ్గర మొదటి మాట ఆయాలదేనని నియమం పెట్టాను. ఒళ్లు తుడిచేదీ, రెండు గంటలకోసారి పక్క మార్చేదీ వాళ్లే కనుక ముందుగా కనబడేదీ వాళ్లకే. ఆమె నోరు విప్పడానికి నెల పట్టింది.

మొన్న రాత్రి ఆ పిల్ల ఏదో చెబుతుంటే, మందుల పుస్తకంలోంచి తలెత్తకుండానే "ఆఁ" అన్నాను. ఆమె కదలలేదు. గిన్నె చేత్తో పట్టుకుని నిలబడి, తెలుగులోనే అడిగింది: "ఏ ఆఁ, దిదీ?"