ర్యాంకు చూసొద్దామని వాల్తేరు వెళ్లాం

మా మేనకోడలు బీఎస్సీ జియాలజీ పూర్తిచేసింది. పీజీసెట్ రాసింది. వెబ్ ఆప్షన్లు పెట్టేముందు ఆంధ్రా యూనివర్సిటీని ఒకసారి కళ్లారా చూస్తానంటే తోడు వెళ్లాను. తెనాలిలో రాత్రి రైలెక్కిన దగ్గర్నుంచి అమ్మాయి ఫోన్లో విద్యాసంస్థల నాణ్యతకి గ్రేడిచ్చే న్యాక్, కేంద్రం ఏటా వేసే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకులే చూస్తోంది.

"మావయ్యా, 2023లో న్యాక్ ఏ ప్లస్ ప్లస్ ఇచ్చింది. నాలుగుకి 3.74. ఎన్ఐఆర్ఎఫ్ 2024లో మాత్రం యూనివర్సిటీల్లో 25. ఇంతకీ గొప్పదా, కాదా?"

అప్పటికి నా దగ్గర జవాబు లేదు.

పొద్దున్నే విశాఖలో దిగి సిరిపురం దాకా ఆటోలో వెళ్లాం. క్యాంపస్ కొండవాలు మీద ఉంటుంది. భవనాల సందుల్లోంచి సముద్రం కనిపిస్తూనే ఉంటుంది. 1926లో బెజవాడలో మొదలై 1930లో ఇక్కడికి చేరిన సంస్థ ఇది. సైన్సు, టెక్నాలజీ చదువుల కోసం జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చాడు. ఆ రోజుల్లో లక్షంటే మాటలు కాదు.

జియాలజీ విభాగం కారిడార్లో రాళ్ల బీరువా దగ్గర అమ్మాయి ఆగిపోయింది. తుప్పు రంగు ఖోండలైట్ ముక్క, దానిలో దానిమ్మ గింజల్లా ఎర్రటి గార్నెట్లు. మేం నడిచొచ్చిన కొండ కూడా ఆ రాయేనట. అటుగా వచ్చిన ఒక ప్రొఫెసరు గారు మా మాటలు విని ఆగారు. పావుగంటనుకున్నది గంటన్నర అయింది.

ఆయన చెప్పిన వాటిలో నన్ను కట్టిపడేసింది సముద్రం సంగతి. 1952లో లాఫాండ్ అనే అమెరికా సముద్ర శాస్త్రవేత్త ఇక్కడ పాఠాలు చెప్పడానికి వచ్చాడు. అప్పుడు జియాలజీ శాఖాధిపతి సి. మహాదేవన్. వాళ్లిద్దరి పూనికతో విద్యార్థులు నౌకాదళం ఓడలెక్కి బంగాళాఖాతం మీదకు వెళ్లారు. నీళ్ల వేడి, ఉప్పదనం కొలిచారు, అడుగు మట్టి తెచ్చి పరీక్షించారు. 1964లో లాఫాండ్ ప్రచురించిన పరిశోధన పత్రంలో మన తూర్పు తీరానికి అవతల సముద్రగర్భంలో ఉన్న లోయలకు పేర్లున్నాయి. వాటిలో ఒకటి ఆంధ్రా కాన్యన్, ఇంకొకటి మహాదేవన్ కాన్యన్. సముద్రగర్భంలో ఒక లోయకి మాస్టారి పేరు! ఇంతకంటే పెద్ద గుర్తింపు ఇంకేముంటుంది?

కెమిస్ట్రీ వైపు తిరువెంకట రాజేంద్ర శేషాద్రి పనిచేశారు. ఖరీదైన సరుకేమీ కాదు, పత్తి పూలలోని రంగుల్ని విడదీసి వాటి నిర్మాణం తేల్చడం ఆయన బృందం చేసిన పనుల్లో ఒకటి. 1960లో ఆయన్ని లండన్ రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నుకుంది. లెక్కల్లో ఇక్కడ పీజీ చేసిన సి.ఆర్. రావు గారికి 102 ఏళ్ల వయసులో, 2023లో, స్టాటిస్టిక్స్ అంతర్జాతీయ బహుమతి వచ్చింది. దానికి మూలమైన పని ఆయన 1945లో అచ్చేసిన పేపరు. ఫలితం పూర్తిగా బయటపడటానికి డెబ్బై ఎనభై ఏళ్లు పట్టే పనిని ఏడాదికోసారి వేసే ర్యాంకు ఎలా పట్టుకుంటుంది?

మధ్యాహ్నం వి.ఎస్. కృష్ణా లైబ్రరీలో కూర్చున్నాం. పక్క బల్ల దగ్గర ఎకనామిక్స్ పరిశోధన చేస్తున్న ఒకమ్మాయి పరిచయమైంది. పాడేరు దగ్గర పల్లె. ఇంట్లో డిగ్రీ దాటింది తనొక్కతే. హాస్టల్, ఫెలోషిప్ లేకపోతే ఇంత దూరం వచ్చేదాన్ని కాదంది. ఆమె నోట్సు చూశాను. సంతలో పసుపు ధర ఏ వారం ఎంత పలికిందో, దళారీ ఎంత ఇచ్చాడో గళ్లు గీసి రాసుకుంది. మార్జిన్లో అమ్మిన మనుషుల ఊళ్ల పేర్లు.

ఎన్ఐఆర్ఎఫ్ లెక్కలో బోధన, వనరులకి 30 శాతం, పరిశోధనకి 30, చదువు ముగించినవాళ్ల ఫలితాలకి 20. అమ్మాయిలు, పేదలు, వెనుకబడిన వర్గాలవాళ్లు ఎంతమంది చదువుతున్నారన్న దానికి 10 శాతం. బయటివాళ్ల అభిప్రాయానికీ అంతే, 10 శాతం! నాకిది మింగుడు పడలేదు. రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు అందరికంటే ఎక్కువగా చేసే పని పాడేరు అమ్మాయిని పీహెచ్‌డీ దాకా తీసుకురావడం. దానికిచ్చే విలువ, ఎక్కడో ఎవరో ఏమనుకుంటున్నారన్న దానితో సమానమా? పేరు బాగా తెలిసిన పెద్ద నగరాల సంస్థలకి ఆ అభిప్రాయాల మార్కులు తేలిగ్గా పడతాయి. దానికితోడు రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అధ్యాపకుల పోస్టులు ఖాళీగా ఉంటున్నాయి. అక్కడ బోధన మార్కులూ పోతాయి. ఈ స్థితిలో రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాల వరకు చూస్తే 2024లో ఆంధ్రాకి ఏడో స్థానం దక్కడం ఆషామాషీ కాదు. ఆ పోస్టులు నింపితే ఇంకా ఎక్కడుండేదో!

రాత్రి లాడ్జిలో అమ్మాయి ఆప్షన్లు పెట్టడానికి కూర్చుంది. ఆంధ్రా జియాలజీని ఒకటో నంబరులో పెట్టింది.

"ర్యాంకు చూసేనా?" అన్నాను.

"లేదు మావయ్యా. అక్కడ సముద్రం మీద పనిచేసేవాళ్లు ఇంకా ఉన్నారట, ప్రొఫెసరు గారిని అడిగాను. సరేగానీ రెండోది ఏం పెట్టను, తిరుపతా?"

తిరుపతి మీద ఇంకో గంట మాట్లాడుకున్నాం.